వర్డ్‌లో పెద్ద టేబుల్ పేజీ దాటుతుంటే రో సగానికి తెగకుండా ఏం చేయాలి?

టాపిక్ చూసి "దీనికి కూడా ఒక వీడియోనా?" అనుకునేవాళ్ళు ఉంటారు. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం వరకు నేనూ అలాగే అనుకున్నాను.

అప్పుడు నేను ఒక కంపెనీలో సపోర్ట్ టీమ్‌లో ఉన్నాను. ఒక శనివారం రాత్రి కస్టమర్ డేటాబేస్‌లో మార్పులు చేయాలి. ఏ స్టెప్ తర్వాత ఏది చేయాలో వర్డ్‌లో టేబుల్‌గా రాసి పెట్టారు. పదకొండు పేజీలు. స్టెప్ నంబర్, కమాండ్, రిమార్క్స్ అని మూడు కాలమ్స్. సాయంత్రం నేనే మొదటి పేజీలో రెండు కొత్త స్టెప్స్ చేర్చి, ప్రింట్ తీసుకున్నాను.

రాత్రి రెండు గంటలకి ఆరో పేజీ చివర ఉన్న కమాండ్ కొట్టాను. పక్కన రిమార్క్స్‌లో రెండు లైన్లు ఉన్నాయి, చదివాను. మూడో లైన్ ఏడో పేజీ పైన ఉంది: బ్యాకప్ పూర్తయిందని చూసుకున్నాకే ఈ కమాండ్ ఇవ్వాలి అని. పేజీ తిప్పాక గానీ అది కనిపించలేదు. బ్యాకప్ ఇంకా సగంలోనే ఉంది. చివరికి ముందు రోజు బ్యాకప్ పెట్టాల్సి వచ్చింది. శనివారం ఎంట్రీలన్నీ పోయాయి. సోమవారం ఆ ఆఫీసు వాళ్ళు కాగితాలు ముందు పెట్టుకుని అన్నీ మళ్ళీ టైప్ చేశారు.

తప్పు నాదే, కాదనను. మా సీనియర్ అన్న మాత్రం తిట్టలేదు. ఫైల్ తెరిచి ఒక టిక్ తీసేసి "ఇప్పుడు చూడు" అన్నాడు. ఆ రో మొత్తంగా ఏడో పేజీకి వెళ్ళిపోయింది. అసలు జరిగింది ఏంటంటే, టేబుల్ రాసినవాళ్ళు రోలు తెగకుండా మధ్యలో ఎంటర్లు కొట్టి సర్దారు. నేను పైన రెండు రోలు చేర్చగానే ఆ సర్దుబాటంతా కిందకి జారిపోయింది. ఎంటర్ కొట్టి సర్దింది ఆ రోజుకే పనికొస్తుంది. సెట్టింగ్ పెడితే ఫైల్ ఎంత మారినా అది పనిచేస్తూనే ఉంటుంది. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదే.

సరే, ఇప్పుడు వర్డ్ ఓపెన్ చేద్దాం.

మొదటిది, రో తెగకుండా చూడటం. టేబుల్ ఎడమ పై మూలలో నాలుగు బాణాల గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే టేబుల్ మొత్తం సెలెక్ట్ అవుతుంది. రైట్ క్లిక్ చేసి టేబుల్ ప్రాపర్టీస్, అందులో రో ట్యాబ్. "అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్" పక్కన టిక్ తీసేయండి. పేజీ కింద కొంచెం ఖాళీ వస్తుంది. బాగోలేదని మళ్ళీ టిక్ పెట్టకండి. ఆ ఖాళీ వల్ల నష్టం లేదు. ఒక రోనే పేజీకంటే పెద్దగా ఉంటే మాత్రం దాన్ని మీరే రెండు మూడు రోలుగా విడగొట్టాలి. ఇంకోటి, అదే ట్యాబ్‌లో రో హైట్ "ఎగ్జాక్ట్‌లీ" అని ఉంటే ఎక్కువైన మ్యాటర్ కనిపించకుండా పోతుంది. "ఎట్ లీస్ట్" అని మార్చుకోండి.

రెండోది, హెడింగ్. నాలుగో పేజీలో ఏది ఏ కాలమో తెలియాలి కదా. మొదటి రోలో కర్సర్ పెట్టి, అదే రో ట్యాబ్‌లో "రిపీట్ యాజ్ హెడర్ రో" టిక్ చేయండి. అయినా రాకపోతే రెండు చూడండి. టేబుల్ ట్యాబ్‌లో టెక్స్ట్ ర్యాపింగ్ "అరౌండ్" అని ఉంటే "నన్" చేయండి. మధ్యలో ఎవరైనా కంట్రోల్ ఎంటర్ కొట్టి ఉంటే టేబుల్ రెండు ముక్కలయ్యి ఉంటుంది, రెండో ముక్కకి హెడింగ్ రాదు. ఫలానా రో కొత్త పేజీలోనే మొదలవ్వాలి అంటే, ఆ రోలో పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌కి వెళ్ళి, లైన్ అండ్ పేజ్ బ్రేక్స్‌లో "పేజ్ బ్రేక్ బిఫోర్" పెట్టండి.

మూడోది, కలిపి ఉంచడం. ఒక పేజీలో పట్టే చిన్న టేబుల్ అయితే, చివరి రో తప్ప మిగతావన్నీ సెలెక్ట్ చేసి, అదే లైన్ అండ్ పేజ్ బ్రేక్స్‌లో "కీప్ విత్ నెక్స్ట్" టిక్ చేయండి. చివరి రోకి ఎందుకు వద్దంటే, దానికీ పెడితే టేబుల్ కింద ఉన్న పేరాతో ముడిపడిపోతుంది. పెద్ద టేబుల్‌కి అన్ని రోలకీ ఇది పెట్టకండి. జీతాల షీట్‌లో చివరి "మొత్తం" రో ఒక్కటే కొత్త పేజీలోకి పోకుండా దాని ముందు రోకి పెడితే చాలు.

లిబ్రేఆఫీస్ రైటర్ వాడేవాళ్ళకి ఇవి టేబుల్ ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఫ్లో ట్యాబ్‌లో ఉంటాయి. టేబుల్ తెగొచ్చా, రో తెగొచ్చా, పైన ఎన్ని రోలు రిపీట్ అవ్వాలి అని విడివిడిగా అడుగుతుంది. అక్కడ టేబుల్ తెగొచ్చు అనే టిక్ ఉంచి, రో తెగొచ్చు అనేది తీసేయండి. గూగుల్ డాక్స్‌లో కూడా టేబుల్ ప్రాపర్టీస్‌లోనే, రో సెక్షన్‌లో ఉంటాయి.

చివరగా ఒక చిన్న టెస్ట్. టేబుల్ పైన నాలుగు ఎంటర్లు కొట్టి ప్రింట్ ప్రివ్యూ చూడండి. ఒక్క రో కూడా తెగకపోతే మీ ఫైల్ రెడీ. కంట్రోల్ జెడ్ కొట్టి ఆ ఎంటర్లు తీసేయండి.

ఆ ప్రింట్ పట్టుకుని రాత్రి రెండింటికి పని చేసేవాడు పేజీ తిప్పి చూస్తాడని నమ్మకం పెట్టుకోకండి. నేను తిప్పలేదు. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.