తాళం తిప్పగానే ఆరిపోయే కారు కంప్యూటర్

పాటలకో, మ్యాపులకో రాస్‌బెర్రీ పై లాంటి బుల్లి కంప్యూటర్‌ని కారులో సొంతంగా బిగించుకునేవాళ్లున్నారు. బల్ల మీద చక్కగా నడిచిందే కారెక్కాక మొరాయిస్తుంది. తాళం తిప్పగానే ఆరిపోతుంది. చాలామంది సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటారు. ముందు చూడాల్సింది వైరింగు.

కారు బ్యాటరీని 12 వోల్టులంటాం గానీ, ఇంజన్ నడుస్తుంటే 14 దాకా పోతుంది. స్టార్టర్ తిరిగే క్షణంలో 9 కిందికీ జారవచ్చు. పైగా చాలా కార్లలో యాక్సెసరీ లైనుకు ఆ కాసేపూ కరెంటే ఉండదు.

మల్టీమీటరుతో ఫ్యూజు దగ్గర చూసి ఊరుకోకండి. కంప్యూటర్ నడుస్తుండగా, దాని 5 వోల్టుల పిన్నుల దగ్గరే కొలవండి. లోడు లేనప్పుడు సన్నటి వైరైనా 5 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. రాస్‌బెర్రీ పై 4లో వోల్టేజి సుమారు 4.63కి పడిపోతే తెర మీద మెరుపు గుర్తు వస్తుంది.

తర్వాత, కంప్యూటర్ నడుస్తుండగానే, మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది మీ నెగటివ్ వైరును కారు బాడీకి బిగించిన ఎర్తు బోల్టుకు ఆనించండి. అర వోల్టు కనబడిందా, దొంగ దొరికినట్టే. సాధారణంగా బోల్టు కింద పెయింటో, తుప్పో ఉంటుంది. మెరిసే ఇనుము కనబడేదాకా గీకి బిగించండి.

బ్యాటరీ నుంచి వచ్చే లైనుకు ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. మాటిమాటికీ పోతోందని పెద్దది వేస్తే, ఈసారి కాలేది వైరే!

ఇక తాళం తిప్పినప్పుడు ఆరిపోకుండా ఉండాలంటే, బ్యాటరీ వోల్టేజిని 5 వోల్టులకు దించే కన్వర్టరు కావాలి. బ్యాటరీ 6 వోల్టులకు దిగినా పనిచేసేది తీసుకుని, దానికి బ్యాటరీ నుంచే నేరుగా లైను లాగి, యాక్సెసరీ లైనును ఆన్, ఆఫ్ సంకేతానికే వాడుకోండి.