జిప్సీ ముందు కమాన్లు: కొట్టించాలా, పట్టా కలపాలా, మార్చాలా?

ఈ మధ్య మీరు పంపుతున్న ఫోటోలన్నీ దాదాపు ఒకేలా ఉంటున్నాయి. పాత జిప్సీ, ముందు నుంచి తీసిన ఫోటో, బండి డ్రైవర్ వైపు ఒరిగి ఉంటుంది. దాంతో పాటు ఒకటే ప్రశ్న: "అన్నా, కమాన్లు కొట్టిస్తే సరిపోతుందా, కొత్తవే వేయాలా?" జవాబు ముందే చెప్పేస్తా. ముందు కమాన్లు నిజంగా కూర్చుండిపోతే, రెండు వైపులా కొత్త కట్టలు వేయండి. ఎందుకు, ఎలా అన్నదే ఈ ఎపిసోడ్.

బండి గురించి రెండు ముక్కలు. జిప్సీ 1985లో వచ్చింది, 970 సిసి ఇంజన్‌తో. 1996లో 1.3 లీటర్ల జిప్సీ కింగ్ వచ్చింది. తర్వాత కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చింది. ఇన్ని మారినా నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టలు మాత్రం చివరిదాకా అలాగే ఉన్నాయి. 2023లో మన దగ్గరికి వచ్చిన జిమ్నీకి కాయిల్ స్ప్రింగులు. అందుకే జిప్సీ ఉన్నవాళ్ళకి మెకానిక్ కన్నా కమాన్ మేస్త్రి దగ్గరి చుట్టం అవుతాడు.

ఇప్పుడు అసలు విషయం. కమాన్ అంటే స్ప్రింగ్ మాత్రమే అనుకుంటాం. కాదు. జిప్సీలో ముందు ఇరుసుని చాసిస్ కింద దాని చోట పట్టి ఉంచేది కూడా ఆ కట్టే. వేరే ఆర్మ్‌లు ఏమీ లేవు. మెయిన్ పట్టా కన్ను దగ్గర విరిగితే ఇరుసు ఒక పక్కకి వెనక్కో ముందుకో జరుగుతుంది, స్టీరింగ్ మీ చేతిలో ఉండదు. అది ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు జరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. దీన్ని వంద, రెండొందలు ఆదా చేసే పనిగా చూడొద్దు.

"స్ప్రింగ్ మెత్తబడిపోయింది బ్రో" అని అందరూ అంటారు. బీటెక్ మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో కూర్చున్న చాలామందిలో నేనూ ఒకడిని కాబట్టి, ఆ పాత పేపర్ ఒకసారి ఇక్కడ వాడుకుంటా. ఒక పట్టా ఎంత బరువుకి ఎంత వంగుతుందనేది దాని పొడవు, వెడల్పు, మందం, ఆ స్టీలు గుణం మీద ఉంటుంది. ఇరవై ఏళ్ళు వాడినంత మాత్రాన స్టీలు గుణం మారిపోదు. తుప్పు తిని పట్టా సన్నబడితే, పగులొస్తే అది వేరే లెక్క. మామూలుగా పోయేది వంపు. ఏళ్ళ తరబడి బరువు మోసి, గుంతల్లో దెబ్బలు తిని, పట్టా చదునై అలాగే ఉండిపోతుంది. అంటే పోయింది ఎత్తు, గట్టిదనం కాదు.

ఇది అర్థమైతే "ఒక పట్టా కలిపేద్దాం" అనే సలహా ఎందుకు తేడానో తెలుస్తుంది. నాలుగు పట్టాల కట్ట అనుకుందాం. అదే మందంతో ఇంకోటి కలిపితే కట్ట దాదాపు 25 శాతం గట్టిపడుతుంది. మందమైన పట్టా వేస్తే ఇంకా ఘోరం, ఎందుకంటే మందం రెట్టింపు అయితే ఆ పట్టా గట్టిదనం ఎనిమిది రెట్లు అవుతుంది. ఎత్తు వస్తుంది, నిజమే. కానీ జిప్సీ ఖాళీగా వెళ్తే ఇప్పటికే నడుము విరగ్గొడుతుంది. ఇంకా గట్టిపడితే గతుకుల్లో ముందు చక్రం రోడ్డుని వదిలి ఎగురుతుంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. ముందు విన్చ్, బరువైన బంపర్ పెట్టినవాళ్ళకి పట్టా కలపడంలో అర్థం ఉంది. మిగతావాళ్ళకి లేదు.

ఇక కొట్టించడం. కమాన్ స్టీలుని కంపెనీలో బాగా వేడిచేసి, నూనెలో చల్లార్చి, మళ్ళీ లెక్క ప్రకారం వేడిచేసి పదును పెడతారు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, సుత్తితో వంచి, పక్కన పడేస్తే ఆ పదును పోతుంది. బండి ఎత్తుగా బయటికొస్తుంది, మీరు హ్యాపీ. కొన్ని నెలల్లో మళ్ళీ కూర్చుంటుంది, లేదా కాల్చిన చోటే విరుగుతుంది. ఫర్నేస్, నూనె తొట్టి ఉండి పద్ధతిగా మళ్ళీ పదును పెట్టే మేస్త్రులు ఉన్నారు, వాళ్ళ పని వేరు. మీ ఊళ్ళో అలాంటివాళ్ళు ఉంటే అదృష్టవంతులు. చేతిలో గ్యాస్ కట్టర్ మాత్రమే కనిపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

కొనేముందు జబ్బు కమాన్‌దేనా చూసుకోండి. టైర్లలో గాలి సమానంగా పెట్టి, చదునైన నేల మీద నిలపండి. నేల సమంగా ఉందో లేదో ఫోన్‌లో లెవెల్ యాప్ చెప్తుంది. చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచుదాకా టేపుతో కొలవండి, రెండు వైపులా. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల లెక్కలోకి వస్తుంది, అందుకే మధ్య నుంచి. తర్వాత ముందు షాకిల్ చూడండి. కట్ట చదునైతే పొడవు పెరిగి షాకిల్‌ని ముందుకి తోస్తుంది, అది బాగా వాలిపోయి కనిపిస్తుంది. బుష్‌లు, బాడీ మౌంట్లు, చాసిస్ పగుళ్ళు కూడా చూడండి. ఇంకా డౌట్ ఉంటే ఎడమ కట్ట కుడికి, కుడిది ఎడమకి మార్చి చూడొచ్చు. ఒరగడం పక్క మారితే తప్పు కమాన్‌ది. మారకపోతే చాసిస్‌దో బాడీదో.

కొత్త కట్ట షాపులోనే పాతదాని పక్కన పెట్టి చూడండి. వెడల్పు, కన్ను సైజు, సెంటర్ బోల్ట్ నుంచి రెండు కళ్ళకీ దూరం కొలవండి. ఆ దూరాలు రెండు వైపులా వేరుగా ఉంటే తిరగేసి బిగించకండి. చక్రం ఆర్చ్‌లో ముందుకో వెనక్కో జరిగిపోతుంది. యూ బోల్టులు కొత్తవే తీసుకోండి. ఒకసారి సాగి బిగిసినవి మళ్ళీ నమ్మకంగా బిగుసుకోవు. బుష్‌లూ, వీలైతే షాకిల్ పిన్నులూ కూడా కొత్తవే.

పని రోజు. ముందురోజు రాత్రే నట్లన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. హ్యాండ్‌బ్రేక్ ఒక్కదాన్నే నమ్మకుండా వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టండి. చాసిస్ కింద మంచి స్టాండ్లు, ఇరుసు కింద విడిగా జాకీ. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కింద దూరొద్దు, ఐదు నిమిషాల పనైనా సరే. ఇటుకలు అసలే వద్దు. విప్పేముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి, బిగించేటప్పుడు అవే మీ గైడ్.

ఒక వైపు పూర్తి చేశాకే రెండో వైపు. షాక్ కింది బోల్ట్, స్టెబిలైజర్ బార్ ఉంటే దాని లింక్ విప్పండి. బ్రేక్ హోస్ మీద ఇరుసు బరువు వేలాడకూడదు, కన్ను దాని మీదే ఉండాలి. యూ బోల్టులు తీసి, జాకీతో ఇరుసు బరువు పట్టుకుని, తర్వాత షాకిల్, ఆఖర్న వెనక కన్ను బోల్ట్. కొత్త కట్ట పెట్టేటప్పుడు సెంటర్ బోల్ట్ తల ఇరుసు సీటు రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. జిప్సీలో కట్ట ఇరుసుకి కింద ఉంటుంది కాబట్టి తల పైకి. యూ బోల్టు నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి.

ఇక్కడ చాలా గ్యారేజీలు దాటేసే స్టెప్ ఒకటుంది. కన్ను బోల్టులు, షాకిల్ నట్లు బండి గాల్లో ఉండగా ఫుల్ టైట్ చేయొద్దు. వేళ్ళతో తిప్పినంత చాలు. చక్రాలు వేసి, బండి కిందికి దించి, ముందుకీ వెనక్కీ కొంచెం నెట్టి, ముందు బంపర్ మీద రెండుసార్లు ఊపి, బరువంతా టైర్ల మీద ఉండగా అప్పుడు బిగించండి. గాల్లోనే బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలో పట్టేసి, దించగానే మెలితిరుగుతుంది. ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది కాబట్టి త్వరగా చిరుగుతుంది. రైడ్ కూడా గట్టిగా అనిపిస్తుంది. "కొత్త కమాన్లు వేసినా కిర్రుకిర్రుమంటోంది" అనేవాళ్ళు ముందు ఇదే చెక్ చేసుకోండి.

ముందు భాగం లేచింది కాబట్టి హెడ్‌లైట్లు పైకి చూస్తాయి, ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో కొడతాయి. సరిచేయించండి. స్టీరింగ్ చక్రం మధ్యలో లేకపోతే డ్రాగ్ లింక్ అడ్జస్ట్ చేయించండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ టార్క్ చూడండి. పట్టాలు సర్దుకున్నాక అవి కొంచెం వదులవుతాయి.

లిఫ్ట్ కిట్ గురించి కూడా అడుగుతున్నారు. ఇప్పుడు చెప్పింది ఒరిజినల్ ఎత్తు కట్టల గురించి మాత్రమే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ దాటి బండిని మార్చకూడదు. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు ఇన్‌స్పెక్టర్ ఆ ఎత్తు కూడా చూడొచ్చు. పాత కట్టలు పారేయకండి, ఫోటోలు తీసి బిల్లుతో పాటు ఫైల్‌లో పెట్టండి, బండి అమ్మేరోజు పనికొస్తాయి.

షాక్ అబ్జార్బర్ల సంగతి వచ్చే ఎపిసోడ్‌లో. అప్పటిదాకా ఆ టేపు తీసుకుని ఒకసారి కొలిచి, రెండు వైపుల నంబర్లూ నాకు పంపండి.