టచ్‌స్క్రీను కంప్యూటరు: తప్పు వ్రేలిది కాదు

(ప్రసంగ పాఠము)



ఇందిరాపురము ఢిల్లీ నగరమునకు తూర్పున, ఘజియాబాదు జిల్లాలో నున్నది. ఘజియాబాదు అభివృద్ధి సంస్థ ఏర్పరచిన ఈ పేటలోని భాగముల పేర్లు వినసొంపైనవి. న్యాయ ఖండము, నీతి ఖండము, అహింసా ఖండము, శక్తి ఖండము, వైభవ ఖండము, జ్ఞాన ఖండము. ప్రొద్దున వైశాలి మెట్రో స్టేషనుకు చేరి కార్యాలయములకు పోయి, ప్రొద్దుగ్రుంకిన పిదప తిరిగివచ్చు కేంద్రప్రభుత్వోద్యోగులు ఇచ్చట పెక్కుమంది. ఉద్యోగము ముగిసిన తరువాత ఇక్కడనే స్థిరపడినవారును కలరు. పింఛనుదారులకు ఏటేట నవంబరులో జీవన ధ్రువపత్రము సమర్పించు పని యుండును. 2014 నవంబరులో 'జీవన్ ప్రమాణ్' పథకము ఆరంభమైనప్పటి నుండి ఆ పని కంప్యూటరు ద్వారమునను జరుగుచున్నది. అది మొదలు కరెంటు బిల్లు వరకు అన్నియు తెరమీదికే వచ్చినవి.

జ్ఞాన ఖండములో నివసించు ఒక తెలుగు వృద్ధుని ఊహించుకొనుడు. బల్లపై పెద్ద టచ్‌స్క్రీను కంప్యూటరున్నది. ఆయన ఏదో ఒక దరఖాస్తును ఓపికగా నింపి, అడుగున నున్న 'సమర్పించు' అను బొత్తామును వ్రేలితో నొక్కును. ఏమియు జరుగదు. మరల నొక్కును. ఈసారి దరఖాస్తు ఒకటికి రెండుగా పోవును. ప్రక్కనున్న మనుమడు “తాతయ్యా, నీకు నొక్కడం రాదు” అనును. పెద్దాయన చేయి వెనుకకు తీసికొనును. తరువాత చాలనాళ్లు ఆ యంత్రము జోలికి పోడు. టచ్‌స్క్రీను సాఫ్ట్‌వేరు వ్రాయువారును, దాని దోషములను సరిదిద్దువారును ముందుగా ఆలోచింపవలసినది ఈ వెనుకకు తీసికొన్న చేతిని గురించియే. ఆ వ్రేలు తప్పేమియు చేయలేదు.

మౌసు బాణమునకును వ్రేలికిని గల భేదమును చూడుడు. బాణపు మొన తెరపై ఒక్క చుక్కను చూపును. వ్రేలు అద్దముపై ఆనినప్పుడు సుమారు ఒక సెంటీమీటరు మేర ఆక్రమించును. పైగా తాను నొక్కదలచిన దానినే కప్పివేయును. బాణము నొక్కకయే ఒక మాటపై నిలిచియుండగలదు. వ్రేలికి అట్టి నడిమి స్థితి లేదు; తాకుటయో, తాకకుండుటయో, అంతే. అందుచేత బాణము పైకి రాగానే విచ్చుకొనునట్లు చేసిన మెనూలు వ్రేలికి లొంగవు. మౌసు ఒక్కటి, వ్రేళ్లు పది. ఎడమచేతి బొటనవ్రేలు తెర అంచున ఆనియుండగా కుడిచేయి నొక్కినచో, ప్రోగ్రాము ఆ రెండు స్పర్శలను కలిపి 'పెద్దది చేయుము' అను సంజ్ఞగా గ్రహించి పేజీనంతటిని ఉబ్బించును.

ఇది నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు. 1965లో ఇంగ్లండులోని మాల్వర్న్ రాడారు పరిశోధనశాలలో ఇ. ఎ. జాన్సన్ అను ఇంజనీరు, విమానముల రాకపోకలను అదుపు చేయు పనికై వ్రేలితో తాకు తెరను గూర్చి ప్రకటించెను. 1972లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారి 'ప్లేటో-4' విద్యాయంత్రమునందు తెరను నిలువున 16, అడ్డముగా 16 గడులుగా విభజించి, కంటికి కనపడని పరారుణ కిరణములతో వ్రేలి చోటును గుర్తించెడివారు. గడికంటె చిన్న బొత్తామును పెట్టుటకు ఆనాడు వీలులేదు. ఆ లోపమే వాడుకరులకు మేలు చేసినది. నేడు చుక్కలు లక్షల సంఖ్యలో నుండుటచే, మూడు మిల్లీమీటర్ల పెట్టెను తెరపై గీచి దానిని వ్రేలితో నొక్కుమనువారు పుట్టినారు.

1983లో హ్యూలెట్ ప్యాకార్డు సంస్థ విడుదల చేసిన హెచ్‌పి-150 బల్లమీది కంప్యూటరుకును ఆ కిరణముల పద్ధతియే. తెర చుట్టునున్న చిన్న రంధ్రములలో దుమ్ము చేరినప్పుడెల్ల వాటిని శుభ్రము చేయవలసి వచ్చెడిది. భుజము సంగతి వేరొకటి. నిలువుగా నున్న తెరవైపు చేయి చాచి గంటలకొలది పనిచేసినచో భుజము లాగును. 2010 అక్టోబరులో స్టీవ్ జాబ్స్ ఈ కారణమునే చెప్పి నిలువు తెరకు స్పర్శ తగదనెను. 2012 అక్టోబరులో మైక్రోసాఫ్టువారు విండోస్ 8లో స్పర్శకు పెద్దపీట వేసి, అందరికిని అలవాటైన స్టార్టు బొత్తామును తొలగించిరి. ఏడాది నిండకమునుపే, 2013 అక్టోబరులో, 8.1తో ఆ బొత్తాము తిరిగి వచ్చెను. బల్లమీది కంప్యూటరుకు స్పర్శ ఇంకొక వాకిలి మాత్రమే. దానిని తెరచుటకై ఉన్న వాకిలిని మూయనక్కరలేదు.

ఇక ఆ వృద్ధుని దరఖాస్తు రెండుసార్లు ఎట్లు పోయినది? టచ్‌స్క్రీను వచ్చిన క్రొత్తలో బ్రౌజర్లు ఒక్క నొక్కును వెంటనే నమ్మక, రెండవ నొక్కు వచ్చునేమోయని సుమారు సెకనులో మూడవ వంతు కాలము వేచియుండెడివి. నేటికిని కొన్ని పాత పేజీలలో ఆ జాప్యము కలదు. నొక్కినవానికి జవాబు రాలేదు గనుక మరల నొక్కును. ఇది ఒక కారణము. రెండవది ఇంకను సూక్ష్మమైనది. పాత ప్రోగ్రాములు మౌసుకై వ్రాసినవి గనుక, వాటికొరకు బ్రౌజరు ప్రతి స్పర్శ వెంట ఒక కృత్రిమపు మౌసు నొక్కును కూడ పంపును. ప్రోగ్రామరు స్పర్శకు ఒక ఆజ్ఞ, మౌసుకు ఒక ఆజ్ఞ వ్రాసి, రెండును ఒకే వ్రేలి నుండి వచ్చునని మరచినచో, ఒక్క తాకిడికి పని రెండుసార్లు జరుగును. కార్యాలయములో మౌసుతో పరీక్షించిన ప్రోగ్రామరుకు ఈ దోషము ఎన్నడును కనపడదు. “ఇచ్చట బాగుగానే పనిచేయుచున్నదే!” అనును. ఆ మాట అబద్ధము కాదు, అదే చిక్కు.

దీనికి మందు కలదు. మౌసు, కలము, వ్రేలు మూడింటిని ఒకే ధారగా అందించు పద్ధతిని 2015లో వెబ్ ప్రమాణముల సంఘమువారు ఆమోదించిరి. క్రొత్త ప్రోగ్రామును దానిపై వ్రాయవలెను. బొత్తాము తాకినంతనే రంగు మారవలెను. ఫలితము ఆలస్యమైనను సరే, “నీ మాట వినబడినది” అని తెర చెప్పవలెను. ఒకసారి నొక్కిన సమర్పణ బొత్తాము జవాబు వచ్చువరకు పనిచేయరాదు. అంతకంటె ముఖ్యమైనది, ప్రతి దరఖాస్తునకు ముందే ఒక సంఖ్య నిచ్చి, అదే సంఖ్య రెండవమారు వచ్చినచో అవతలి కంప్యూటరు దానిని త్రోసిపుచ్చవలెను. టపా గుమాస్తా ఆవకల పుస్తకములో నంబరు చూచుకొనుటవంటిదే ఇది.

వృద్ధుల చేతికి వణుకుండును. తాకిన వ్రేలు నాలుగైదు చుక్కల మేర కదలినను కొన్ని ప్రోగ్రాములు దానిని నొక్కుగా గాక ఈడ్పుగా తీసికొనును. బొత్తాము పనిచేయుటకు మారు పేజీ పైకి జరుగును. ఎంత కదలిక వరకు నొక్కుగా భావింపవలెనో నిర్ణయించునది ఒక్క అంకె. ఆ అంకెను పాతికేండ్ల యువకుని చేతిని బట్టి నిర్ణయించుట అన్యాయము.

దోషము ప్రోగ్రాములోనే యున్నదని ముందే తీర్మానించుటయు సరికాదు. వ్రేలి స్పర్శ ప్రోగ్రామును చేరుటకు ముందు అద్దమును, స్పర్శను కొలుచు చిప్పును, డ్రైవరును, ఆపరేటింగు సిస్టమును దాటి రావలెను. ఏ మెట్టు వద్ద తడబడినదో కనుగొనుటకు ఒక సులభోపాయము కలదు. బొమ్మలు గీయు 'పెయింట్' ప్రోగ్రామును తెరచి, వ్రేలితో తెర ఈ చివరనుండి ఆ చివరకు మెల్లగా గీతలు గీయవలెను. ప్రతి గీతయు ఒకే చోట తెగినచో లోపము అద్దముదో, చిప్పుదో. గీత సరిగా వచ్చి, ఒక్క ప్రోగ్రాములోనే నొక్కు తప్పుచున్నచో ఆ ప్రోగ్రామునే పట్టుకొనవలెను. గీత వ్రేలి క్రింద గాక బెత్తెడు దూరమున పడుచున్నచో తెర కొలతలలో పొరపాటున్నది. రెండు తెరలు తగిలించినప్పుడు ఒక తెరను తాకగా రెండవ దానిపై పని జరుగుట చూచినవారు చాలమంది యుందురు. విండోసులోని టాబ్లెట్ పీసీ సెట్టింగులకు పోయి ఏ తెర స్పర్శాతెరయో చెప్పినచో అది కుదురుకొనును. దానికి సర్వీసు ఇంజనీరు అక్కరలేదు.

ఈ ప్రాంతపు వాతావరణమునకును ఇందులో పాత్ర యున్నది. మే, జూను నెలలలో వచ్చు ఆంధీ దుమ్ము కిరణములతో పనిచేయు తెరల అంచులలో చేరి, ఎవరును తాకకయే తాకినట్లు యంత్రమును నమ్మించును. జనవరి చలికి ఉన్ని చేతితొడుగులు వేసికొని నొక్కినచో, విద్యుదావేశమును బట్టి వ్రేలిని గుర్తించు తెర కదలదు. చర్మము ఎండి మొద్దుబారినను గుర్తింపు తగ్గును. అన్నిటికంటె మోసకరమైనది ఎర్తింగు లోపము. ఫ్లాటులో ఎర్తు తీగ సరిగా లేనప్పుడు విద్యుత్తులోని అలజడి తెరలోనికి ప్రాకి, బొత్తాములు వాటంతట అవి నొక్కుకొనును. ఇంటివారు దయ్యమనుకొందురు, వైరసనుకొందురు. సాఫ్ట్‌వేరును మూడుమార్లు తీసివేసి మూడుమార్లు పెట్టుటకు ముందు, యంత్రమును ఎర్తు సరిగానున్న వేరొక ప్లగ్గుకు తగిలించి చూచుట మేలు. సాఫ్ట్‌వేరు దోషమును ఎలక్ట్రీషియను తీర్చిన సందర్భములు లేకపోలేదు!

తెలుగు లిపి విషయమున మరికొంత ఆగవలసియున్నది. ఇంగ్లీషు అక్షరముల ఎత్తును బట్టి గీచిన బొత్తాములలో తెలుగు ఒత్తులు తెగిపోవును. 'సమర్పించు' అను మాటలో పకారపు ఒత్తు తెగి 'సమరించు' అని కనపడినచో, పౌరుడు యుద్ధమునకు పిలువబడినట్లుండును. తెరమీద వచ్చు కీబోర్డు తాను నింపవలసిన గడినే కప్పివేయుట మరియొక బాధ. ఒత్తక్షరము నడుమ వ్రేలితో కర్సరును నిలుపుట దుస్సాధ్యము. కంటికి ఒక్క అక్షరముగా కనపడు 'జ్ఞా' యంత్రమునకు నాలుగు సంకేతములు: జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము. ఇందిరాపురపు జ్ఞాన ఖండమును ఉత్తరాదివారు 'గ్యాన్' అని పలికినను, నాగరిలో వ్రాయునప్పుడు అదే జ-ఞ సంయోగము.

ఈ అక్షరమే 2018 ఫిబ్రవరిలో ప్రపంచ వార్తల కెక్కినది. ఐఫోనులకు 'జ్ఞా' వంటి ఒక సందేశము వచ్చినచో దానిని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయెడిది. అది ముందుసూచనగా తెరపైకి వచ్చినచో ఫోనే చిక్కుబడెడిది. ఆపిల్ వారి బల్లమీది మాక్ కంప్యూటర్లలోను అదే జరిగెను. కొందరు ఆకతాయిలు దానిని పరులకు పంపి వినోదించిరి. పత్రికలు దానికి 'తెలుగు బగ్' అని పేరు పెట్టినవి.

నిజమునకు మామూలు 'జ్ఞా' ఎవరిని ఏమియు చేయలేదు. ఞకారమునకును దీర్ఘమునకును నడుమ ఐదవ సంకేతమొకటి దాగియున్నప్పుడే యంత్రము కూలెను. అక్షరములు అతుకకుండ ఆపు ఆ సంకేతము కంటికి కనపడదు. అది తెలుగునకు పరాయిదియు కాదు. 'సాఫ్ట్‌వేరు' అని వ్రాయునప్పుడు వకారము టకారము క్రిందికి పోకుండ నిలుపునది అదియే. ఉండరాని చోట అది వచ్చినచో ఏమి చేయవలెనో అక్షరములను గీయు 'కోర్‌టెక్స్ట్' భాగము సరిగా ఎరుగదు. జ్ఞాపకపు అరలను పాడుచేసికొని పడిపోయెను. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలును అదే ఫలితము నిచ్చునని తరువాతి పరీక్షలలో తేలినది. ఆపిల్ వారు 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6ను, మాక్‌లకు తగిన సవరణను విడుదల చేసి దోషమును తీర్చిరి. సవరణ వారి ప్రోగ్రాములో జరిగినది. తెలుగు లిపిలో ఒక్క గీతయు మారలేదు. అయినను పేరు మాత్రము తెలుగునకే మిగిలినది. నొక్కుట రాదని తాతగారి ననుటయు, అక్షరము చెడ్డదని తెలుగు ననుటయు ఒకే కోవకు చెందినవి.

కనుక ప్రోగ్రామును చేతికిచ్చు ముందు జరుపవలసిన పరీక్షలో రెండు పనులు చేర్చుట ఉచితము. ఒకటి, డెబ్బదియేండ్లు దాటినవారిని తెర ముందు కూర్చుండబెట్టి, ప్రోగ్రామరు చేతులు కట్టుకొని, నోరు మెదపక వెనుక నిలిచి చూడవలెను. వారు రెండవమారు నొక్కిన ప్రతి చోటును కాగితముపై గుర్తించుకొనవలెను. రెండవది, పరీక్షా వాక్యముల పట్టికలో ఇంగ్లీషు పేర్లతోబాటు జ్ఞాన ఖండపు చిరునామాను తెలుగులో వ్రాసి, ఒకసారి నాలుగు సంకేతములతోను, ఇంకొకసారి ఆ కనపడని ఐదవ దానితోను గడిలో నింపి, సమర్పించు బొత్తామును వ్రేలితో నొక్కి చూడవలెను.