నిండుసభలో గాంధారి

కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డి ప్రాంతమున, గాంధారి అను ఊరు కలదు. ఆ పేరు చెవిని బడగానే మనకు స్ఫురించునది కన్నులకు గంతలు కట్టుకొన్న కౌరవమాత. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న తల్లిగా ఆమెను ఎరుగని తెలుగువారు లేరు. కాని యుద్ధమునకు ముందు నిండుసభలో ఆమె పలికిన మాటలను తలచుకొనువారు తక్కువ. నేడు వానిని గూర్చియే ముచ్చటింతును.

కృష్ణరాయబారము చెడుచున్న వేళ అది. సూదిమొన మోపినంత నేలయైనను ఇయ్యనని చెప్పి దుర్యోధనుడు సభ విడిచి వెడలిపోయెను. తన మాట వినని కొడుకు తల్లి మాటయైన వినునేమోయని ధృతరాష్ట్రుడు విదురుని పంపి గాంధారిని పిలిపించెను. ఆమె వచ్చి మొదట మందలించినది కొడుకును గాదు, భర్తను. వీని దుర్బుద్ధి యెరిగియు పుత్రప్రేమచే వీని వెంట నడచితివి. మూఢుని చేతికి రాజ్యమిచ్చి, ఇప్పుడు ఫలమనుభవించుచున్నావు. ఇదీ ఆమె మాటల సారము. ముసలిరాజు ఏమి బదులు చెప్పగలడు!

పిమ్మట కొడుకును రప్పించి బుద్ధి గరపినది. ఇంద్రియములను గెలువలేనివాడు రాజ్యమును నిలుపుకొనలేడనెను. సగము నేల నీకును నీవారికిని చాలుననెను. అంతకంటె లోతైన మాట వేరొకటి కలదు. భీష్మద్రోణులు తిన్న కూటి ఋణమునకు ప్రాణములిత్తురు గాని, ధర్మరాజును పగతో కన్నెత్తి చూడజాలరని హెచ్చరించెను. కొలువులోని బలాబలములను ఇంత నిక్కముగా కనిపెట్టినవారు, కన్నులున్న మంత్రులలో నెందరు? దుర్యోధనుడు మారు పలుకక లేచిపోయి, కృష్ణుని బంధించు నుపాయము వెదకసాగెను.

షేక్‌స్పియరు నాటకమున మాక్‌బెత్తును భార్య పురికొల్పినది. ఇచ్చట ఆడుది అడ్డుపడినది. ఐనను వినాశము తప్పలేదు. మాక్‌బెత్తునకు లేని సింహాసనము కావలెను. దుర్యోధనునకు ఉన్నదానిలో పాలు పెట్టుట కూడదు. ఈ రెండవ రోగమే మొండిదని నా తలంపు.

విరాటపర్వము మొదలు 15 పర్వములను తెనిగించిన తిక్కనకు ఇట్టి పోరు కొత్త గాదు. 13వ శతాబ్దమున నెల్లూరి ప్రభువు మనుమసిద్ధి దాయాదుల వలన గద్దె కోల్పోగా, తిక్కన ఓరుగంటికేగి గణపతిదేవుని సాయము కోరెనని ప్రతీతి.

యుద్ధము 18 దినములు సాగెను. జయము కలుగునట్లు దీవింపుమని కొడుకు వేడినను, ధర్మమున్న చోటనే జయమని మాత్రమే గాంధారి పలికినది. 18 అక్షౌహిణులలో పదుగురు మిగిలిరి. స్త్రీపర్వమున, ఆ పీనుగుల నడుమ నిలిచి, ఆమె కృష్ణుని నిలదీసినది: ఆపగలవాడవై యుండియు ఏల ఊరకుంటివి? నాడు సభలో భర్తపై మోపిన నేరమే ఇది. శాపమును కృష్ణుడు చిరునవ్వుతో స్వీకరించెను. 36వ యేట ప్రభాసతీర్థమున యాదవులు తుంగను పెరికికొని యొకరినొకరు మోదికొని కూలిరి.