కదిలే నీరు – పెరిగే నాచు



తెలుగు నుడిలో నాచు మెచ్చుకోలు మాట కాదు. చెరువు మెట్ల మీద కాలు జారితే అందరూ తిట్టేది దానినే. అయితే స్పిరులినా అనే సూక్ష్మ శైవలాన్ని ఆఫ్రికాలోని చాద్ సరస్సు పరిసరాలవారు తరతరాలుగా ఎండబెట్టి తింటున్నారు. దాని ఎండు బరువులో సగానికి పైగా మాంసకృత్తులే. శాస్త్రజ్ఞులు దానిని బాక్టీరియాల కోవలో చేర్చినారు గాని, తొట్టి దగ్గర ఆ వివాదంతో పనిలేదు. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధనాలయంలో దాని పెంపకంపై పరిశోధనలు జరిగినవి. తమిళనాట కొన్ని పల్లెలలో స్త్రీలు దానిని సిమెంటు తొట్లలో పెంచుతున్నారు.

వంటసోడా కలిపిన క్షారజలం, 35 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరి వెచ్చదనం, ఎండ – వీటికి దక్షిణాదిలో కొరత లేదు. తడబాటంతా గాలి విషయంలోనే.

చేపల తొట్టిలో గాలి బుడగలు చూసినవారు, నాచుకూ ఊపిరి అందించటానికే గాలి ఊదుతారని తలుస్తారు. పగటిపూట సంగతి తలక్రిందులు. కిరణజన్య సంయోగక్రియలో నాచు తానే ప్రాణవాయువును పుట్టిస్తుంది. నిలకడ నీటిలో అది పేరుకొని, మామూలు నీటిలో ఉండేదానికి రెండు మూడు రెట్లయితే ఆ క్రియకే అడ్డు తగులుతుంది. మండుటెండ తోడైతే కణాలు వెలవెలబోయి నశిస్తాయి. ఆ మిగులును వెళ్ళగొట్టటమే గాలి చేసే మొదటి మేలు.

రెండవది వెలుతురు పంపకం. చిక్కబడిన పంటలోనికి ఎండ కొన్ని సెంటీమీటర్లకు మించి దిగదు. స్పిరులినా కణాలలోని వాయుకోశాలు దానిని పైకి తేలుస్తాయి. పైన తెట్టెగా చేరినది ఎండకు మాడుతుంది, క్రింద ఉన్నది చీకటిలో కృశిస్తుంది. నీరు తిరుగుతుంటే ప్రతి పోగుకూ వంతులవారీగా వెలుగు దక్కుతుంది. అందుకే పెద్ద కుంటలలో నీటిలోతును సుమారు 20–30 సెంటీమీటర్లకు పరిమితం చేసి, తెడ్ల చక్రాలతో నీటిని నడుపుతారు.

గాలిలో బొగ్గుపులుసు వాయువు 0.04 శాతమే కనుక, దానితోనే పంటకు ఆహారం చాలదు. సోడాయే ఆ లోటు తీర్చాలి.

అలాగని పంపు వేగం పెంచితే మేలు కలుగదు. స్పిరులినా మరచుట్టువలె తిరిగిన సన్నని పోగు. బలంగా చిలికితే తునుగుతుంది, నురుగు కడుతుంది. వడగట్టేవేళ ఆ తునకలు గుడ్డలోంచి జారిపోతాయి. తొట్టి నిండా పచ్చగా కనిపించిన పంట గుడ్డమీద పిడికెడే మిగులుతుంది. ఆ పిడికెడు మీదనే ఆశ పెట్టుకొన్న కుటుంబానికి అది చిన్న నష్టం కాదు.

పంపు ఉన్న తొట్టికి, విద్యుత్తు పోయిన ఎండపూట గండం. పంపే లేనివారు పగలు పలుమార్లు కర్రతోనో చీపురుతోనో మెల్లగా కలిపితే చిన్న తొట్టికి సరిపోతుంది.

ఉన్నత తరగతుల విద్యార్థులు రెండు గాజు జాడీలతో దీనిని పరీక్షింపవచ్చును. ఒకదానిని కలుపుతూ, మరొకదానిని కదపకుండ పెంచవలెను. పుల్లకు తెల్లని బిళ్ళ కట్టి, కొలిచే ముందు రెండింటినీ ఒకసారి కలిపి, బిళ్ళను ముంచి, అది ఎన్ని సెంటీమీటర్ల లోతున కనుమరుగైనదో రోజూ ఒకే వేళకు వ్రాసుకొనవలెను. ఆ లోతు ఎంత తగ్గితే పంట అంత చిక్కబడినట్లు.