మామిడి పూతకు ఈగల సాయము



విశాఖపట్నమనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారము మనస్సునకు తోచును. సుందరి యని కూడ పిలువబడు సువర్ణరేఖ మామిడి ఈ ప్రాంతపు సొత్తే యన్నను తప్పుగాదు. ఆ చెట్టు పూతమీద నున్నప్పుడు జరుగు పనిని గూర్చి నేడు మనము ముచ్చటింతము.

ఒక్కొక్క పూగుత్తిలో తరచు వేయికి మించి పూవులుండును. వానిలో పెక్కు మగపూవులు. అవి కాయలు కావు. ఆడ, మగ భాగములు రెండును గల పూవులే పిందె కట్టును. అవి గుత్తి కొనవైపున హెచ్చు. మామిడి పుప్పొడి జిగురుగా నుండుటచే గాలి దానిని అంతగా మోయజాలదు. మోయునవి ఈగలు, చిన్న తేనెటీగలు. మనము అసహ్యించుకొను ఈగయే ఇచ్చట ముఖ్యమైన కూలి! తైవానులో రైతులు ఈగలను రప్పించుటకై పూతవేళ తోటలో కుళ్ళిన చేపలుంచుదురు. మన రేవులో చేపలకు కొదువ లేదు గాని, ఇరుగుపొరుగువారు ఊరుకొనవలెను గదా!

ఇక అసలు చిక్కు. తేనెమంచు పురుగునకు జడిసి, తోటను గుత్తకు దీసికొన్నవారు కొందరు పూవులు విచ్చిన పిమ్మట మందు చల్లింతురు. పురుగుతోపాటు ఈగయు చచ్చును. పూత నిండుగా కనబడును, పిందె మాత్రము నిలువదు. నష్టము గుత్తదారుతో ఆగదు; మరుసటి యేడు తోట ధర తగ్గును. కావున పూమొగ్గ తొడుగుచున్నప్పుడే, పూవులు విచ్చకముందే, పురుగును కనిపెట్టి మందు చల్లవలెను. కొమ్మలు క్రిక్కిరిసి నీడగానున్న తోటలో ఈ పురుగు హెచ్చు. కోత కాగానే గుబురు కొమ్మలు తీసివేసిన చాలవరకు అదుపులో నుండును. గుత్త పత్రము వ్రాసుకొనునప్పుడే ఈ షరతును కూడ చేర్చుకొనవలెనని మా సలహా.