ఓడప్రయాణము – పిల్లలకు పాస్‌పోర్టు

సముద్రపు హోరు వినుచు పెరిగినవారము మేము. బారువ, వజ్రపుకొత్తూరు, భావనపాడు తీరములు మాకు కొత్తవి కావు. అయినను, ఈ నడుమ కుటుంబమంతయు కలిసి ఓడమీద విహారయాత్రకు పోవలెనని పలాసలో మా యింట సంకల్పము కలిగినప్పుడు, ఒక చిన్న ప్రశ్నకు మేము సమాధానము చెప్పలేకపోతిమి. పెద్దవారమైన మాకు పాస్‌పోర్టులు కలవు. పదమూడేండ్ల అమ్మాయికిని, ఏడేండ్ల అబ్బాయికిని లేవు. మరి పిల్లలకు పాస్‌పోర్టు కావలెనా, అక్కరలేదా?

అడిగినవారందరును తలయొక మాట చెప్పిరి. పసివారికి ఏ కాగితముతోను పని లేదని ఒకరు; సముద్రము దాటుటయే విదేశయానము గనుక పాస్‌పోర్టు తప్పదని మరొకరు; తండ్రి పాస్‌పోర్టులో పేరు వ్రాయించిన చాలునని వేరొకరు. టిక్కెట్లకు సొమ్ము కట్టిన పిమ్మట తెలియవలసిన సంగతి కాదిది. కనుక మేము కొంత విచారించితిమి. ఆ విచారణలో తెలిసినది మీకును ఉపయోగపడునని ఈ ప్రసంగము.

మన ఉద్దానమువారికి ఓడప్రయాణము నిన్న మొన్నటిది కాదు. మన తాతముత్తాతలు వేలకొలదిగా రంగూనుకు పోయి, రేవులలోను, మిల్లులలోను కూలిపనులు చేసిరి. భీమునిపట్నము, కళింగపట్నము, గోపాలపురము రేవులలో స్టీమర్లు ఆగి జనమును ఎక్కించుకొని పోవుచుండెడివి. ఆ కాలమున రంగూనుకు పోవువాడు పాస్‌పోర్టు మాట యెరుగడు. బర్మా అప్పటికి హిందూదేశపు ప్రభుత్వములోని భాగమే. 1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా వేరైనది. 1947లో బర్మా ప్రభుత్వము చేసిన చట్టముతో అనుమతిపత్రమో, వీసాతో కూడిన పాస్‌పోర్టో లేనిదే పరదేశీయుడు ఆ గడ్డపై అడుగు పెట్టరాదన్న నియమము వచ్చెను. సముద్రము మారలేదు, ఓడ మారలేదు. అవతలి ఒడ్డు వేరొక దేశమైనది. పాస్‌పోర్టు సంగతిలో మొదట గ్రహింపవలసినది ఇదియే. దాటిన నీటి వెడల్పును బట్టి కాదు, తాకిన ఒడ్డును బట్టి పాస్‌పోర్టు కావలసివచ్చును.

ఈ కొలతతో చూచిన మన చుట్టుపట్ల యాత్రలు రెండు తెగలుగా విడిపోవును.

మొదటి తెగ, మన దేశపు రేవునుండి బయలుదేరి మన దేశపు రేవులనే తాకి వచ్చునది. విశాఖపట్నమునుండి అండమాను ద్వీపములకు పోవు ఓడ ఇట్టిది. దారిలో కనుచూపు మేర నీరు తప్ప మరేమియు లేదు; రెండు మూడు దినముల ప్రయాణము. అయినను దిగునది భారతదేశపు గడ్డమీదనే. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయరులో మన ఉత్తరాంధ్రమువారు తరతరములుగా కాపురముండి, పాస్‌పోర్టు లేకయే వచ్చిపోవుచున్నారు. విహారనౌకలును అట్లే. 2022 జూన్‌లో విశాఖపట్నమునుండి చెన్నపట్టణము దిశగా విహారనౌక నడచెను. 2023 సెప్టెంబరులో విశాఖ రేవున విహారనౌకలకై ప్రత్యేకమైన ప్రయాణికుల భవనమును ప్రారంభించిరి. ఇట్టి తీరయాత్రలలో భారత పౌరులైన పెద్దలకు గాని పిల్లలకు గాని పాస్‌పోర్టు నిర్బంధము కాదు. గుర్తింపుపత్రము మాత్రము ప్రతి ఒక్కరికిని కావలెను. పిల్లలకు ఆధారుకార్డు, జనన ధ్రువపత్రము, పాఠశాల గుర్తింపుకార్డు – వీనిలో ఏది చెల్లునో ఓడ నడుపు సంస్థను ముందుగనే అడిగి, వ్రాతమూలకముగా తెప్పించుకొనుట మేలు. చంటిబిడ్డకు టిక్కెట్టు సొమ్ము తగ్గవచ్చును గాని, గుర్తింపుపత్రము తప్పదు.

రెండవ తెగ, దారిలో ఒక్క రేవైనను పరదేశమునకు చెందినది. చెన్నపట్టణమునుండి సింహళద్వీపములోని హంబన్‌టోట, త్రికోణమలై రేవులకు 2023లో విహారనౌక నడచెను. ఆ యేడే అక్టోబరు 14న నాగపట్టణమునుండి జాఫ్నా దాపుననున్న కంకేశన్‌తురైకి చిన్న ఓడ ప్రారంభమైనది. ఇట్టి ప్రయాణమునకు మనిషి మనిషికిని పాస్‌పోర్టు కావలెను. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టము, సరియైన పాస్‌పోర్టు గాని అట్టి ప్రయాణపత్రము గాని లేక ఎవరును దేశము విడువరాదని చెప్పుచున్నది. అందు పసివారికి మినహాయింపు లేదు. ఒడిలోని బిడ్డకైనను వేరుగా పుస్తకముండవలెను. సింహళమునకు పోవువారి పాస్‌పోర్టు ఇంకను ఆరు నెలలు చెల్లునదై యుండవలెనన్న నియమము కూడ కలదు. దానికితోడు ఆ దేశపు ప్రవేశానుమతి సంగతియు అడిగి తెలిసికొనవలెను.

నేపాళమునకు పాస్‌పోర్టు లేకయే పోవచ్చును గదా యని కొందరనవచ్చును. నిజమే. నేపాళము, భూటాను దేశములకు మనవారు ఇతర గుర్తింపుపత్రములతో పోవచ్చును. కాని ఆ రెండు దేశములకును సముద్రతీరమే లేదు. ఆ సడలింపు ఓడయాత్రికునకు అక్కరకు రాదు.

ఇక తండ్రి పాస్‌పోర్టులో పిల్లల పేర్లు వ్రాయించుటను గూర్చి. వెనుకటి కాలమున ఆ పద్ధతి ఉండెడిది. నేడు లేదు. వయస్సుతో నిమిత్తము లేక ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌పోర్టు అనునది అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ నిర్ణయించిన ప్రమాణము. మన దేశమును దానినే పాటించుచున్నది. ఈ మార్పు ఎందులకు మేలైనదో మాకు చట్టములకన్న మా తల్లిగారు బాగుగా తెలియజెప్పిరి.

ఆమె రంగూనులో పుట్టినది. 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను, వ్యాపారములను జాతీయము చేసినప్పుడు వేలాది తెలుగువారు కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. విశాఖపట్నములో బర్మా క్యాంపు అను పేరు నేటికిని ఆనాటిదే. మా తల్లిగారికి అప్పుడు తొమ్మిదేండ్లు. ఆమె తండ్రి చేతనున్న కాగితములో భార్య పేరును, ఆమె పేరును ఉన్నవి గాని, ఆ తరువాత పుట్టిన తమ్ముని పేరు లేదు. రేవులో అధికారులు ఆ పసివానిని చూపి, ఈతడెవరని అడిగిరట. తండ్రియు కూతురును ముందు వచ్చిరి. తల్లియు చంటివాడును మరొక ఓడకు కాచుకొనవలసివచ్చెను. ఆ ఎడబాటు నెలల తరబడి సాగినదట. మా యింట ఈ చర్చ సాగుచుండగా ఆమె ఒక్కమాట అనిరి: "ఒరే నాయనా, కాయితం ఎల్లడానికి కాదురా, తిరిగి రాడానికి."

ఆ మాటతో మా ఆలోచన దారి మారినది. అంతవరకు మేము, పిల్లలను ఓడ యెక్కనిత్తురా లేదా అనునది మాత్రమే అడుగుచుంటిమి. పిల్లలు ఏ చిక్కునైనను దాటి యింటికి ఎట్లు చేరుదురు అనునది అడుగనే లేదు.

ఈ భేదము అమెరికాలోని మనవారికి మరింత స్పష్టముగా తెలియును. టెక్కలిలోని మా బంధువుల కుమారుడు అచ్చట కాపురమున్నాడు. అక్కడి ఓడరేవునుండి బయలుదేరి, సమీప ద్వీపములను చూచి, తిరిగి అదే రేవునకు చేరు విహారయాత్రలు అక్కడ విరివిగా కలవు. 2009 జూన్ 1 నుండి అమలులోనున్న నిబంధన ప్రకారము, అట్టి యాత్రలో పదునారేండ్లు నిండని అమెరికా పౌరులైన పిల్లలు జనన ధ్రువపత్రముతోనే తిరిగి ప్రవేశింపవచ్చును. అక్కడ పుట్టిన పిల్లలకు ఆ సౌకర్యము చెల్లును; భారత పౌరులైన తలిదండ్రులకు చెల్లదు, వారికి పాస్‌పోర్టును, తిరిగి ప్రవేశించుటకు తగిన వీసా పత్రములును కావలెను. అయినను అతడు పిల్లలకు కూడ పాస్‌పోర్టు తీసియే బయలుదేరునట. కారణమేమన, నడిదారిలో బిడ్డకు జబ్బుచేసి పరాయి ద్వీపములో దిగవలసివచ్చినచో, ఓడ ఆగదు. అక్కడినుండి విమానమెక్కవలెనన్న జనన ధ్రువపత్రము చాలదు, పాస్‌పోర్టే కావలెను. అట్టి పిల్లలు తాతగారి ఊరు చూడవచ్చి, విశాఖనుండి ఓడ యెక్కదలచినచో మరొక జాగ్రత్త కూడ కలదు. వారు పరదేశ పౌరులు. ప్రవాస భారతీయులకిచ్చు ఓ.సి.ఐ. కార్డు పాస్‌పోర్టు కాదు, రెండును వెంటనుంచుకొనవలెను.

తిరిగి మా యింటి సంగతికి వత్తము. మా పిల్లలను ముందుగా సింహళమునకు తీసికొనిపోవలెననియే మా కోరిక. పాస్‌పోర్టు దరఖాస్తునకై కాగితములు వెదకితిమి. అమ్మాయి జనన ధ్రువపత్రము సవ్యముగా ఉన్నది. అబ్బాయి పత్రమును చూడగా పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా ఉన్నది! వాడు పుట్టినది 2018 అక్టోబరు మొదటివారములో. ఆ నెల 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చెను. జననమును నమోదు చేయించితిమి గాని, పేరు పెట్టిన తరువాత మరల పోయి వ్రాయించుట మరచితిమి. ఇంటికప్పును, కూలిన చెట్లను చూచుకొనుటలో దినములు గడచిపోయినవి. తప్పు మాదే. మా తల్లిగారి తమ్మునివలె మా అబ్బాయికి కూడ కాగితములో పేరు లేదు.

ఇట్టి పొరపాటు మీ యిండ్లలోను ఉండవచ్చును గనుక దీనిని దాచక చెప్పుచున్నాము. జననమును 21 దినములలో నమోదు చేయించవలెను. పేరు లేక నమోదైనచో, ఏడాదిలోపల రుసుము లేకయు, ఆ పిమ్మట ఆలస్య రుసుముతో పదునైదేండ్లవరకును పేరు చేర్పించుకొనవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీన గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు, పాస్‌పోర్టు కొరకు పుట్టినతేదీకి జనన ధ్రువపత్రమొక్కటియే సాక్ష్యమని 2025లో నియమము సవరించిరి. ఇకమీదట ఆ పత్రమును ట్రంకుపెట్టె అడుగున పడవేయరాదు.

దరఖాస్తు పద్ధతి కష్టమైనది కాదు. అంతర్జాలములో వివరములు నింపి, రుసుము చెల్లించి, దినమును నిర్ణయించుకొని, బిడ్డతోకూడ కేంద్రమునకు పోవలెను. మన జిల్లావారికి శ్రీకాకుళము తపాలా కార్యాలయములోని పాస్‌పోర్టు సేవాకేంద్రము దగ్గర. ప్రాంతీయ కార్యాలయము విశాఖపట్నములో కలదు. నాలుగేండ్లు నిండని బిడ్డకు తెల్లని వెనుకభాగము గల ఛాయాచిత్రమును తీసికొనిపోవలెను. తలిదండ్రులిరువురును సంతకము చేసిన అంగీకారపత్రము కావలెను. మన సోంపేట, కవిటి, కంచిలి వైపు అనేక కుటుంబములలో తండ్రి గల్ఫు దేశములలో పనిలో ఉండును. అట్టివారు అక్కడి భారత రాయబార కార్యాలయములో ధ్రువపరచిన ప్రమాణపత్రమును తెప్పించుకొనవలెను. దానికి కాలము పట్టును గనుక టిక్కెట్లకన్న ముందే ఆ పని ఆరంభింపవలెను. పిల్లల పాస్‌పోర్టు సామాన్యముగా అయిదేండ్లు, లేదా పదునెనిమిదేండ్లు నిండువరకు, ఏది ముందైన అంతవరకే చెల్లును. కావున ఎప్పుడో తీసినది పెట్టెలో ఉన్నదని నమ్మి కూర్చుండరాదు. ప్రయాణమునకు ముందు తేదీని చూచుకొనవలెను.

చివరకు మేమేమి చేసితిమనగా, సింహళయాత్రను వాయిదా వేసి, మన రేవులనే తాకు ఓడలో పోయివచ్చితిమి. పిల్లలకు పాస్‌పోర్టు అక్కరలేకపోయెను. ఆధారుకార్డులు, జనన ధ్రువపత్రముల నకళ్లు చాలినవి. ఓడ పైతట్టున నిలిచి, తీరము కనుమరుగగుచుండగా మా తల్లిగారు చాలసేపు మాటలాడలేదు. 1964 తరువాత ఆమె ఓడ యెక్కుట అదియే మొదలు. ఇల్లు చేరిన వారములోనే అబ్బాయి పేరు వ్రాయించుటకు దరఖాస్తు పెట్టితిమి. ఇప్పుడు పిల్లలిరువురికిని పాస్‌పోర్టులు వచ్చినవి.

కనుక ఓడయాత్ర తలపెట్టు తలిదండ్రులు మొదట రేవుల పట్టికను చూడవలెను. అన్నియు మనవైనచో గుర్తింపుపత్రము చాలును. ఒక్కటి పరదేశమైనను, చంకనున్న బిడ్డకైనను పాస్‌పోర్టు తప్పదు. సందేహమున్నచో ఓడ సంస్థను, పాస్‌పోర్టు కార్యాలయమును అడుగవలెను గాని, ఇరుగుపొరుగు మాటలను నమ్మరాదు. ఇక అక్కరలేని చోటకూడ పిల్లలకు పాస్‌పోర్టు తీయవలెనా అని అడిగినచో, వీలున్నవారు తీయుటయే మంచిదని మా అనుభవము. 2023 ఏప్రిల్ 19న టెక్కలి దాపున మూలపేట రేవునకు శంకుస్థాపన జరిగినది. మన పిల్లలు మన తీరమునుండియే ఓడ యెక్కు దినము రావచ్చును. ఆ దినమున వారి పేర్లు వారి కాగితములలో ఉండునట్లు చూచుట మన పని.